ఫీజు ఎవరు కట్టారు సార్?

నేను పుట్టింది కావలి దగ్గర ఒక పల్లెలో, ఉద్యోగం ఒంగోలు వైపు. ఈ రెండు చోట్లా చిరునామా రాయాలంటే ఒక మనిషి పేరు రాయాల్సిందే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడినది, 1972లో ప్రకాశం జిల్లా అయింది. నెల్లూరు 2008 నుంచి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద, పెళ్లి శుభలేఖ మీద ఈ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. కానీ వాటిని చదివేటప్పుడు ఆ మనుషులు మనకు గుర్తొస్తున్నారా? నా మటుకు నాకు చాలా ఏళ్లు గుర్తు రాలేదు. గుర్తొచ్చేలా చేసింది ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాడు.

ఆగస్టు 23 ప్రకాశం పంతులు గారి జయంతి. ఒక హైస్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. పదకొండు మంది మాట్లాడారు. పదకొండు మందీ 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను ఎదిరిస్తూ తుపాకులకు గుండె చూపించిన సంఘటనే చెప్పారు. దాదాపు అవే మాటలు, అదే చోట గొంతు పెంచడం, అదే చోట చేత్తో చొక్కా పట్టుకోవడం. తప్పు పిల్లలది కాదు, మేం నేర్పిందే అంత. బహుమతులు ఇచ్చాక రెండు మాటలు చెప్పమంటే, ఆయన చిన్నతనం గురించి చెప్పాను. వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ల ఇల్లు నడిపారు.

"పూటకూళ్ల ఇల్లంటే ఏంది సార్?" అని ఒక పిల్ల అడిగింది.

"డబ్బు తీసుకుని పూటకింత అన్నం పెట్టే ఇల్లమ్మా. ఇప్పటి మెస్సు లాంటిది."

వెనక బెంచీలో ఒకడు లేచి నిలబడ్డాడు. వాళ్లమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెడుతుందని తర్వాత తెలిసింది. వాడు పోటీలో మాట్లాడలేదు, పేరే ఇవ్వలేదట. "అయితే ఫీజు ఎవరు కట్టారు సార్?" అన్నాడు.

ఈ ప్రశ్నకు ప్రకాశం గారి ఆత్మకథలోనే జవాబుంది. పరీక్ష ఫీజు మూడు రూపాయలు. దానికోసం అద్దంకిలో ఉన్న బావగారి దగ్గరికి పడుతూ లేస్తూ వెళ్లినా డబ్బు పుట్టలేదు. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చింది. నేను అది చెబుతుంటే వాడు పక్కవాడి పెన్ను లాక్కుని అరచేతిలో ఏదో రాసుకున్నాడు. బయటికి వెళ్లేటప్పుడు చూశాను. "3 రూ." అని ఉంది, అంతే.

ఆ రోజు నుంచి ఒక సంగతి నన్ను వదల్లేదు. గుండె చూపించిన కథ విని చప్పట్లు కొట్టిన పిల్లవాడు, మూడు రూపాయల కథ విని రాసుకున్నాడు. గొప్పవాళ్ల కథలు వినగానే అందరం ఉత్సాహపడతాం. కానీ కొన్ని కథలు విన్నాక మనం ఏదైనా చేస్తాం, కొన్ని విన్నాక ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాం. ఈ తేడా ఎక్కడొస్తుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు దీనిమీద చాలా పనిచేశారు. వాళ్లు తేల్చినవి మన ఊళ్ల సంగతులతో పెట్టి చూస్తే బాగా అర్థమవుతాయి.

ముందు మాటల చిక్కు విప్పాలి. హీరో, ఆదర్శం, గురువు, అభిమాన నటుడు అని నాలుగు మాటలున్నా మనం అన్నింటినీ ఒకే గంపలో వేసేస్తాం. 2015లో మోర్గెన్‌రోత్, ర్యాన్, పీటర్స్ అనే ముగ్గురు పరిశోధకులు, మనం ఆదర్శంగా తీసుకునే మనిషి మనకు చేసే పనులు మూడు రకాలని విడదీశారు. ఒకటి, ఎలా చెయ్యాలో చూపించడం. రెండు, మనలాంటి వాళ్లకూ ఇది కుదురుతుందని చూపించడం. మూడు, అసలు దాన్ని కోరుకునేలా చెయ్యడం. ఒకే మనిషి మూడూ చెయ్యాలని లేదు. చాలామంది ఒక్కటే చేస్తారు.

నాకు మూడూ చేసింది మా వీధిలోని ఒక అక్క. మా వీధి నుంచి డిగ్రీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమె. కావలి జవహర్ భారతిలో చదివేది. పొద్దున్నే బస్సుకు వెళ్లి సాయంత్రానికి వచ్చేది. బస్ పాస్ చెమటకు తడవకుండా చక్కెర కవర్ కత్తిరించి, అంచులు కొవ్వొత్తి మంట మీద అతికించి అందులో పెట్టుకునేది. నేను పదో తరగతి పాసయినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి కాలేజీ అప్లికేషన్ నింపించింది. ఏ సర్టిఫికెట్ ముందు తీసుకోవాలి, ఎన్ని జిరాక్సులు తియ్యాలి, సంతకం ఎవరిచేత పెట్టించాలి, ఫోటో వెనక పేరెందుకు రాయాలి, అన్నీ చెప్పింది. మా ఇంట్లో ఈ సంగతులు తెలిసిన వాళ్లు లేరు. "నాయనా, చదువుకో" అని అందరూ అన్నారు. ఎట్లా చదువుకోవాలో చెప్పింది ఆమె ఒక్కతే. ఆమె పేరు ఏ జిల్లాకూ పెట్టరు. అయినా నేను ఈ రోజు బడిలో నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆ అరుగు మీదే మొదలైంది.

అక్కకూ పంతులు గారికీ తేడా దూరంలో ఉంది. ఈ దూరం మీద 1997లో కెనడాలో లాక్‌వుడ్, కుండా అనే ఇద్దరు చేసిన పరిశోధన నాకు చాలా ఇష్టం. అకౌంటెన్సీ విద్యార్థులకు, అదే చదువు చివరి ఏడాదిలో అద్భుతంగా రాణించిన ఒక విద్యార్థి గురించి చదవడానికి ఇచ్చారు. మొదటి ఏడాది పిల్లలు హుషారయ్యారు. అదే కథ చివరి ఏడాది వాళ్లకు ఆ ఊపు ఇవ్వలేదు. ఎందుకంటే మొదటి ఏడాది వాళ్లకు ఇంకా టైముంది, "నేనూ చెయ్యొచ్చు" అనిపించింది. చివరి ఏడాది వాళ్లకు బస్సు వెళ్లిపోయింది. అంటే ఒక మనిషి మనకు స్ఫూర్తి ఇస్తాడా, నీరుగారుస్తాడా అన్నది ఆయన గొప్పతనం ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. మనం నిలబడ్డ చోటు నుంచి ఆయన దగ్గరికి దారి కనిపిస్తుందా లేదా అన్నది చాలా ముఖ్యం. "పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకో" అని తిట్టే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. దారి చూపించకుండా మనిషిని మాత్రం చూపిస్తే పిల్లలకు మిగిలేది టెన్షనే.

పేదరికం మీద పనిచేసిన ఆర్థికవేత్త దేబ్‌రాజ్ రే దీన్నే కిటికీతో పోల్చారు. ప్రతి మనిషికీ ఆశల కిటికీ ఒకటుంటుంది. తనలాంటి వాళ్లు, తనకంటే రెండు మెట్లు పైనున్న వాళ్లు అందులోంచి కనిపిస్తారు. కిటికీలో అందరూ తనలాగే ఉంటే ఎదగాలన్న కోరికే పుట్టదు. కనిపించే వాళ్లు మరీ అందనంత పైన ఉంటే ప్రయత్నమే మానేస్తాడు.

దీనికి మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. మల్లి మస్తాన్‌బాబు. సంగం మండలం గాంధీ జన సంఘంలో, యానాది కుటుంబంలో 1974లో పుట్టాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. పెన్నా ఒడ్డున పెరిగిన పిల్లవాడికి మంచు కొండల పిచ్చి ఎక్కడ పట్టింది? కోరుకొండ సైనిక్ స్కూల్లో. అక్కడ ఉదయ్ భాస్కరరావు అనే సైనికాధికారి విగ్రహం ఉంది. ఆయన ఆ స్కూలు పూర్వ విద్యార్థే. 1985లో ఎవరెస్టు ఎక్కబోయి ప్రాణాలు కోల్పోయారు. ఆ విగ్రహమే మస్తాన్‌బాబుకు దారి చూపింది.

విగ్రహాల మీద నాకున్న అనుమానాన్ని ఈ కథ కొంత తగ్గించింది. విగ్రహం ఎప్పుడూ పనికిరాదని కాదు. ఆ విగ్రహంలోని మనిషి తాను తిన్న మెస్సులోనే తిన్నాడని, తాను పరిగెత్తిన గ్రౌండులోనే పరిగెత్తాడని అక్కడి పిల్లవాడికి తెలుసు. ఒంగోలు పిల్లలకు ప్రకాశం గారు కూడా అంత దగ్గరి వాడే కావాలి. ఆయన నడిచిన ఊళ్లోనే కదా వీళ్లూ నడుస్తున్నారు! మేం చెప్పే కథలో ఆ ఊరు లేకుండా పోయింది. మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. నలభై ఒకటో ఏడు నడుస్తుండగానే వెళ్లిపోయాడు. ఆయన గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా దాచకుండా చెబుతాను.

ఎందుకు దాచకూడదంటే, కష్టాన్ని తీసేసి విజయాన్ని మాత్రమే చెబితే కథ బలం తగ్గిపోతుందని న్యూయార్కులో తేలింది. 2016లో షియావోడాంగ్ లిన్-సీగ్లర్ బృందం తొమ్మిది, పది తరగతుల పిల్లలు 402 మందితో ఒక ప్రయోగం చేసింది. కొందరికి ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేలు సాధించిన వాటి గురించి చదవడానికి ఇచ్చారు. మిగిలిన వాళ్లకు అదే శాస్త్రవేత్తలు ఎక్కడ తప్పారో, ఇంట్లో ఏం కష్టాలు పడ్డారో ఆ కథలు ఇచ్చారు. కష్టాలు చదివిన పిల్లల సైన్సు మార్కులు మెరుగుపడ్డాయి. చదువులో వెనకబడిన వాళ్లకు మరీ మేలు జరిగింది. విజయాలు మాత్రమే చదివిన వాళ్లకు ఆ మేలు జరగలేదు. మూడు రూపాయలు అరచేతిలో రాసుకున్న మా పిల్లవాడికి ఈ ప్రయోగం సంగతి తెలియదు. కానీ వాడు సరైన చోటే వేలు పెట్టాడు.

కథలోని మనిషి అచ్చం మనలా ఉంటే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా దేశానికే చూపించింది. 1991లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట దీపాల కింద కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సీతమ్మ మొగుడు సారా తాగుతాడు. మహారాణి కాదు, వీరనారి కాదు, ఆ చదివే వాళ్లలాంటి మనిషే. ఆ పాఠం చదివి ఎంతమంది "ఇది మా ఇంటి సంగతే" అనుకున్నారో! కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మతో పాటు ఆడవాళ్లంతా కలిసి ఊళ్లోకి సారా రాకుండా ఆపేశారు. ఆ తర్వాత దూబగుంట కథే "ఆడవాళ్లు ఏకమైతే" అని వాచకంలో పాఠమైంది. దాన్ని చదివి ఇంకో ఊరు లేచింది, ఆ ఊరిని చూసి మరో ఊరు. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ ఉద్యమం అనగానే మనకు రోశమ్మ ఒక్కరి పేరే గుర్తొస్తుంది. ఆమె ఆ గౌరవానికి ముమ్మాటికీ అర్హురాలు. కానీ సారా పాకెట్ల బండికి అడ్డంగా నిలబడ్డ మిగతా ఆడవాళ్ల పేర్లు మనకు తెలియవు. వందమంది చేసిన పనికి ఒక పేరు పెట్టుకోవడం జ్ఞాపకం పెట్టుకోవడానికి సులువు. అందులో ఒక నష్టం కూడా ఉంది. ఆ కథ వినే అమ్మాయి "నేను రోశమ్మను కాలేను" అనుకుంటుంది. రోశమ్మ పక్కన నిలబడే మనిషి కావడం కూడా ఒక పనే అని, అది తనకు చేతనవుతుందని ఆమెకు తోచదు.

పదవిలో తనలాంటి మనిషి కనిపించినా చాలు, పిల్లల లెక్క మారుతుంది. పశ్చిమ బెంగాల్లో పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచి లాంటి) పదవులు కొన్నింటిని ఆడవాళ్లకు రిజర్వు చేశారు. ఏ ఊరికి రిజర్వేషన్ వస్తుందన్నది లాటరీలా తేలుతుంది కాబట్టి ఊళ్లను సరిగ్గా పోల్చి చూసే వీలు కలిగింది. లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో మరికొందరు 495 ఊళ్లలో సేకరించిన వివరాలతో 2012లో ఫలితాలు ప్రకటించారు. వరసగా రెండుసార్లు మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్లలో, ఆడపిల్లల చదువు గురించి తల్లిదండ్రుల ఆశలు, ఆడపిల్లల ఆశలు రెండూ పెరిగాయి. చదువులో ఆడ, మగ తేడా చెరిగిపోయింది. సర్పంచి పేరుకే ఆవిడ, పెత్తనం అంతా మొగుడిదే అని మన ఊళ్లలో మాట వినిపిస్తూ ఉంటుంది. అలాంటి చోట్ల ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారో కూడా దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక సినిమా హీరోలు. నెల్లూరు వాళ్లకు సినిమా ఎంత ప్రాణమో చెప్పక్కర్లేదు. రిలీజు రోజు తెల్లవారకముందే థియేటర్ దగ్గర కటౌట్లకు పాలు పోసే కుర్రాళ్లను తిట్టడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ల ప్రేమ నిజమైనదే. 1956లో హోర్టన్, వోల్ అనే ఇద్దరు ఈ ప్రేమకు ఒక పేరు పెట్టారు. పారాసోషల్ బంధం. తెర మీద మనిషి మనకు బాగా తెలిసినట్టు, మన ఇంటి వాడిలా అనిపిస్తాడు. ఆయనకు మనం తెలియం. రాకపోకల్లేని చుట్టరికం అన్నమాట. ఒంటరిగా ఉన్నప్పుడు అది ధైర్యాన్నిస్తుంది, ఆపదలో రక్తదానానికి వందమందిని ఒక్కటి చేస్తుంది. కానీ మూడు పనుల్లో మొదటిది, ఎలా చెయ్యాలో చూపించడం, ఆ బంధంలో దాదాపు ఉండదు. పైగా తెర మీద చూసింది చూసినట్టు ఒంటికి పడుతుంది. 1963లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, బొమ్మను కొడుతున్న పెద్దవాళ్లను సినిమా తీసి చిన్నపిల్లలకు చూపిస్తే, పిల్లలు అవే దెబ్బలు, అవే మాటలు దించేశారు.

అభిమానం ముదిరితే ఇంకో చిక్కు వస్తుంది. ఒక విషయంలో గొప్పవాడైతే అన్నింట్లోనూ గొప్పవాడే అనుకుంటాం. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యంలో దీన్ని గమనించారు. అధికారులు ఎవరి శరీర దారుఢ్యం బాగుందన్నారో వాళ్లకే తెలివి, నాయకత్వం కూడా బాగున్నాయని మార్కులు వేశారు. ప్రకాశం గారి ధైర్యం మీద నాకు కొండంత గౌరవం ఉంది. అందుకని ఆయన చేసిన ప్రతిదీ సరైనదేనని పిల్లలకు చెప్పలేను. సంపాదించిందంతా 'స్వరాజ్య' పత్రికలో పోశారు. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాక 1954లో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కుర్రతనంలో దారి తప్పి తిరిగానని ఆయనే రాసుకున్నారు. ఆయన దాచుకోనిది మనం దాచడం దేనికి? ధైర్యం ఆయన దగ్గర నేర్చుకుంటాం, జమాఖర్చులు ఇంకొకరి దగ్గర నేర్చుకుంటాం.

పొట్టి శ్రీరాములు గారి విషయం మరీ బాధగా ఉంటుంది. 1952 డిసెంబరు 15న ప్రాణం పోయాక అందరికీ అమరజీవి అయ్యారు. అంతకుముందు నెల్లూరు వీధుల్లో అట్టల మీద నినాదాలు రాసి మెడలో వేలాడదీసుకుని, కాళ్లకు చెప్పులు, నెత్తిన గొడుగు లేకుండా మండుటెండలో తిరుగుతూ దళితులను కలుపుకోమని చెప్పేవారు. మూలపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. అప్పట్లో ఆయన్ను చూసి పిచ్చివాడు అన్నవాళ్లున్నారు. నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాడిగా నాకు ఆ చెప్పుల్లేని కాళ్లే ముందు గుర్తొస్తాయి. ఆ రోజు ఆ వీధిలో నేనుంటే ఏమని ఉండేవాణ్ణో నాకు తెలియదు.

మళ్లీ ఫీజు దగ్గరికి వస్తాను. ప్రకాశం గారికి తల్లి తర్వాత చెయ్యి అందించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మిషన్ స్కూలు టీచరు. కుర్రాణ్ణి తనతో రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. మన నెల్లూరు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 1966లో తనకు మొదటి పాట ఇచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి పేరే తన రికార్డింగ్ స్టూడియోకు పెట్టుకున్నారు. ఆయన స్టూడియో గుమ్మం మీదే ఆ అప్పు రాసి ఉంది. కానీ మా పోటీ ప్రసంగాల్లో సుబ్బమ్మ గారు లేరు, నాయుడు మాస్టారు లేరు. అందుకే ఇప్పుడు పిల్లలు "నా ఆదర్శం ఫలానా" అని రాసుకొస్తే, వాళ్లకు ఫీజు ఎవరు కట్టారో, ఎక్కడ తప్పారో, అప్పుడు ఎవరు పట్టుకున్నారో కూడా కనుక్కుని రమ్మంటున్నాను. కొందరు వాళ్ల తాతను అడిగి వస్తున్నారు. ఒకమ్మాయి వాళ్ల పిన్ని గురించి నాలుగు పేజీలు రాసింది.

ఇడ్లీ బండి అమ్మ కొడుకు ఆ పోటీ అయిన కొన్నాళ్లకు నా దగ్గరికి వచ్చాడు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష గురించి ఎవరో చెప్పారట. పాసయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఎక్కడ తీసుకోవాలో, కుల ధ్రువీకరణకు ఏమేం కావాలో ఒక్కొక్కటీ చెప్పాను. కంప్యూటర్లో ఎక్కించే ముందు వివరాలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకోమన్నాను. తల్లి ఏం చేస్తుంది అన్న చోట వాడి పెన్ను ఆగింది. నా మొహంలోకి చూశాడు. "ఏం చేస్తుందో అదే రాయి నాయనా" అన్నాను. కాసేపు ఆలోచించి, మిగతా అక్షరాలకంటే కొంచెం పెద్దగా "ఇడ్లీ బండి" అని రాశాడు.